భుజానికి రబ్బరు బ్యాండు: 14 నెలలు వాడాక

నాకు 62 ఏళ్లు. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో పొద్దున్నే షటిల్ ఆడేవాణ్ణి. నిరుడు సంక్రాంతి ముందు స్మాష్ కొట్టబోతే కుడి భుజం కలుక్కుమంది. ఆ రాత్రి అటు తిరిగి పడుకోలేకపోయాను. చొక్కా తొడుక్కోవడానికి కూడా మా ఆవిడ సాయం పట్టాల్సి వచ్చింది. సుప్రాస్పినేటస్ అనే కండరం ఎముకను పట్టుకునే చోట కొంత చిరిగిందని ఎమ్మారైలో తేలింది. పూర్తిగా తెగలేదు కాబట్టి ఆపరేషన్ వద్దు, ఫిజియోథెరపీ చాలన్నారు డాక్టరు గారు.

మొదటి ఆరు వారాలు బ్యాండు ముట్టనివ్వలేదు. ముందుకు వంగి చెయ్యి లోలకంలా ఊపడం, గోడ మీద వేళ్లు పాకించడం, అంతే. తలుపుకు తగిలించే కప్పీ ఒకటి కొన్నాను గానీ, దాని అవసరం రెండు నెలలతో తీరిపోయింది.

బ్యాండు అలా కాదు. కిటికీ ఊచకు ముడేసి, మోచేతికీ డొక్కకూ మధ్య మడిచిన తువ్వాలు పెట్టుకుని, చేతిని బయటికి తిప్పాలి. తువ్వాలు జారిందంటే మోచేయి లేచినట్టే, ఆ లెక్క కొట్టేయాలి. లాగడం తేలిక. వెనక్కి వచ్చేటప్పుడు బ్యాండు చేతిని గుంజేస్తుంది. దాన్ని ఆపుకుంటూ, నాలుగు అంకెలు లెక్కపెడుతూ రావాలి. నా భుజం బాగుపడింది ఆ వెనక్కి రావడంలోనే అని గట్టిగా నమ్ముతాను.

నేను కొన్న రకంలో పసుపు మెత్తనిది, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఆట మీద ఆత్రంతో ఎరుపు రెండు వారాలే చేసి ఆకుపచ్చకు మారాను. నొప్పి తిరగబెట్టింది. మళ్లీ ఎరుపుతో రెండు నెలలు. దయచేసి రంగు మార్చడానికి తొందరపడకండి. షుగర్ ఉన్నవాళ్లకు భుజం బిగుసుకుపోయే జబ్బు ఎక్కువగా వస్తుంది, దాని వైద్యం వేరు. పరీక్ష చేయించుకున్నాకే బ్యాండు కొనండి.

మన ఎండలకు రబ్బరు ఆగదు. రోహిణి కార్తెలో పడమటి కిటికీకి వదిలేసిన పసుపు బ్యాండు అంచుల్లో పగుళ్లిచ్చి, లాగుతుంటే పుటుక్కున తెగి ముంజేతికి వాత పెట్టింది. ఇప్పుడు పౌడరు రాసి, చుట్టి బీరువాలో పెడుతున్నాను. వాడే ముందు వెలుగుకు పట్టి చూస్తాను, సూదిమొనంత చిల్లున్నా పారేస్తాను. అరచెయ్యి కోసుకుపోతుంటే చివరలకు బెత్తెడు పీవీసీ పైపు ముక్కలు కట్టుకున్నాను.

తొమ్మిదో నెలలో కోర్టులో దిగాను, డబుల్స్ మాత్రమే. స్మాష్ బదులు డ్రాప్ వేస్తున్నాను. వారానికి మూడు రోజులు ఆకుపచ్చ బ్యాండు మానలేదు. మొన్న కొత్తావకాయకని అటక మీది పెద్ద జాడీని ఆ చేత్తోనే దించాను.