చైనా క్లాసులకు పదిహేను వందలు పెట్టొచ్చా?

తిరుపతి బాలాజీ కాలనీలో గ్రూప్స్ కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు కదా, వాటిలో ఒకదాంట్లో (పేరు చెప్పను, నచ్చనివి కూడా రాస్తున్నా) ఆధునిక చైనా మీద ఆరు ఆదివారాల క్లాసులు పెట్టారు. 1500 కట్టి చేరా. పరీక్షలు రాసే వయసు దాటిపోయింది, ఊరికే తెలుసుకుందామని.

మూడో ఆదివారం ఒక్కదానికే నా డబ్బులు వచ్చేశాయి. దేశాన్ని గబగబా ఉక్కులో, పంటలో ముందుకు దూకించాలని 1958లో మావో మొదలుపెట్టిన గ్రేట్ లీప్ ఫార్వర్డ్ ఆ రోజు. ఊరూరా పెరట్లో కొలుములు పెట్టి గిన్నెలు కూడా కరిగించారట, తేలింది పనికిరాని ఇనుము. పంటెంత అని పైనుంచి అడిగితే కింది అధికారి భయపడి లేని గింజల్ని లెక్కల్లో రాయడం, ఆ లెక్క ప్రకారం ధాన్యం తోలుకుపోవడం, పండించినవాడికే తిండి లేకపోవడం, ఇదంతా సార్ విడమర్చి చెప్పాడు. 1961 దాకా సాగిన ఆ కరువులో పోయింది కోటిన్నర మంది అనేవాళ్లున్నారు, నాలుగున్నర కోట్లు అనేవాళ్లూ ఉన్నారు.

తర్వాత షియావ్‌గాంగ్ కథ. 1978లో అన్‌హుయ్ రాష్ట్రంలోని ఆ ఊళ్లో 18 మంది రైతులు రహస్యంగా కాగితం రాసుకున్నారు: ఉమ్మడి భూమిని ఇంటింటికీ పంచుకుందాం, ఇందుకు ఎవరైనా జైలుకి పోతే వాళ్ల పిల్లల్ని మిగతావాళ్లు సాకుదాం అని. కమ్యూన్‌లో (ఊళ్ల భూములన్నీ కలిపేసిన ఉమ్మడి సేద్యం) కూలీకి బదులు వేసే పని పాయింట్లకు చేసే చాకిరీ పోయి మన గుత్త లాంటిది వచ్చింది, సర్కారుకీ ఉమ్మడికీ ఇవ్వాల్సింది ఇస్తే మిగిలింది నీదే, భూమి మాత్రం నీది కాదు అన్నాడు సార్. మాది కార్వేటినగరం వైపు, మా నాయన ఇరవై ఏళ్లు గుత్తకు చేశాడు, ఠక్కున ఎక్కేసింది.

నోట్స్ మాత్రం కొనకండి. దానికి విడిగా 200, జిరాక్స్‌కి జిరాక్స్, సాంస్కృతిక విప్లవం తేదీలే తప్పు (1966 నుంచి 1976 అని పెన్నుతో దిద్దుకున్నా). 1989లో బీజింగ్ తియానన్మెన్ దగ్గర విద్యార్థుల నిరసనని సైన్యంతో అణిచేసిన సంగతి ఐదు నిమిషాల్లో ముగించేశాడు, ప్రశ్న రాదట.

అసలు కోపం ఐదో ఆదివారం మీద. 1980లో షెన్‌జెన్, జూహై, షాంటౌ, షియామెన్ సెజ్‌లు (ప్రత్యేక ఆర్థిక మండళ్లు), 1992లో మావో తర్వాత సంస్కరణలు నడిపిన డెంగ్ దక్షిణ యాత్ర, 2001లో డబ్ల్యూటీవోలో (ప్రపంచ వాణిజ్య సంస్థ) చేరడం, అన్నీ గబగబా బోర్డు మీద రాసేశాడు. చెల్లెలు శ్రీసిటీ ఫోన్ల కంపెనీలో పనిచేసే ఓ కుర్రాడు లేచి, "సార్, పల్లెల నుంచి షెన్‌జెన్‌కి వచ్చినోళ్ల పిల్లలకి అక్కడ బడి ఉండేదా?" అన్నాడు. సిలబస్‌లో లేదట! ఇంటికొచ్చి చదివితే కథంతా అక్కడే ఉంది. 1958లో చట్టం చేసిన హుకౌ వల్ల, అంటే ప్రతి మనిషినీ సొంతూరికి కట్టేసే నివాస నమోదు వల్ల, పట్నంలో ఎన్నేళ్లు చాకిరీ చేసినా కాగితాల మీద పల్లె మనిషే, సర్కారు బడి, ఆస్పత్రి సాయం సొంతూళ్లోనే, అందుకే అంతమంది పిల్లలు అవ్వాతాతల దగ్గర పెరిగారు. ఫ్యాక్టరీలకి కూలీ అంత చవగ్గా దొరికిందంటే మిగతా ఖర్చు పల్లె మోసింది కాబట్టే. గుత్త గురించి అంత బాగా చెప్పిన మనిషి దీన్నెలా వదిలేశాడో!

ఐదుకి మూడున్నర ఇస్తా. వెళ్తే ముందు వరసలో కూర్చోండి, మైక్ సరిగా పనిచేయదు. ఆరో ఆదివారం ఆ ప్రశ్నే మళ్లీ అడుగుదామని చెయ్యెత్తా, అప్పటికే మాక్ టెస్ట్ పేపర్లు పంచుతున్నారు.