శ్రీకాకుళంలో మూడు రోజులు, ఒక బాప్తిస్మం రిజిస్టరు

విజయనగరం స్టేషన్‌లో తెల్లవారుజామున రైలు దిగేసరికి సన్నగా వాన పడుతోంది. శ్రీకాకుళంలో ఒక క్రైస్తవ సంఘం వాళ్లు యువజన శిబిరం పెట్టుకుని, హిట్లర్ కాలంలో జర్మనీ చర్చిలు ఏం చేశాయో మూడు పూటలు చెప్పమని నన్ను పిలిచారు. నేరుగా ఆమదాలవలసలో దిగితే పని సులువయ్యేది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది అక్కడే, అక్కణ్ణించి ఊళ్లోకి 13 కిలోమీటర్లు, ఆటోలు దొరుకుతాయి. కానీ తోడొచ్చిన మా తమ్ముడు విజయనగరం కోట చూడాలన్నాడు.

కోటకి గంట చాలు. 1713లో కట్టిన గోడలు, బురుజులు గట్టిగానే ఉన్నాయి, లోపల కాలేజీలు నడుస్తున్నాయి. గంటస్తంభం దగ్గర టిఫిన్ తిని, గురజాడ ఇల్లు చూసి, కాంప్లెక్స్‌లో ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాం. ఈ దారికి రైలు కోసం కాచుకోవడం కంటే బస్సే మేలు.

బస విషయం కాస్త వివరంగా చెప్పాలి. మొదటి రాత్రి బస్టాండుకి దగ్గరని ఆన్‌లైన్‌లో ఒక లాడ్జి బుక్ చేశాం, 1600 రూపాయలు. ఫొటోలో చూపించిన గది వేరు, ఇచ్చిన గది వేరు. ఏసీ నుంచి మంచం మీదకి నీళ్లు కారుతుంటే రాత్రి పదకొండింటికి గది మార్చమని అడిగాం. మార్చలేదు. పొద్దున్నే ఖాళీ చేసి చర్చి కాంపౌండులోని అతిథి గదికి వచ్చేశాం. రోజుకి 400. ఎత్తైన కప్పు, మందం గోడలు, శుభ్రమైన దుప్పట్లు, దోమతెర. వేడినీళ్లు బకెట్టుతో తెచ్చిస్తారు, వైఫై లేదు, రాత్రి తొమ్మిదిన్నరకి గేటు వేసేస్తారు. కుటుంబంతో వెళ్లేవాళ్లు ఇలాంటిదే చూసుకోండి. కాంపౌండులో వండి పెట్టే అమ్మ పొద్దున చోడి (రాగి) అంబలి, పచ్చి ఉల్లిపాయ ఇచ్చింది. "ఏటి బావూ, ఇంకో గళాసు తాగండి" అని రెండోసారి పోసింది. మధ్యాహ్నం చేపల పులుసు. ఆ భోజనానికి ఏ హోటలూ సరిరాదు.

గది తాళం కోసం ఆ సంఘం పాస్టరు అయ్యగారి ఆఫీసుకి వెళ్లినప్పుడు బల్ల మీద రెండు పుస్తకాలున్నాయి. ఒకటి అతిథులు సంతకం పెట్టేది. రెండోది గుడ్డ అట్ట వేసిన పెద్ద రిజిస్టరు. అడిగితే తెరిచి చూపించారు. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, బాప్తిస్మం ఇచ్చిన తేదీ, ఇచ్చినవారి సంతకం. పాత పేజీల్లో సిరా గోధుమ రంగుకి తిరిగింది. ఈ ప్రాంతానికి 19వ శతాబ్దం చివర్లో కెనడా బాప్టిస్టు మిషనరీలు వచ్చారు. బొబ్బిలి, పాలకొండ, టెక్కలి, అన్ని చోట్లా వాళ్ల ముద్ర ఉంది. ఒక పేజీలో వరసగా ఒకే పల్లెకి చెందిన పదకొండు పేర్లు చూశాను. ఆ పేజీ చూశాక, మొదటి పూటకి రాసుకొచ్చిన పాఠం పక్కన పెట్టి, రిజిస్టరుతోనే మొదలుపెట్టాను.

1933 ఏప్రిల్‌లో జర్మనీలో ఒక చట్టం వచ్చింది. యూదుల్ని ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తీసేయాలి. మరి ఎవరు యూదులో ఎలా తేలాలి? తాత, అమ్మమ్మల దాకా కాగితాలు కావాలి. జర్మనీ అంతటా ప్రభుత్వం జనన నమోదు మొదలుపెట్టింది 1876లో. అంతకుముందు పుట్టినవాళ్ల వివరాలున్నది చర్చి పుస్తకాల్లోనే. లక్షలమంది దరఖాస్తులు పెట్టారు, పాస్టర్లు, గుమస్తాలు కూర్చుని నకళ్లు రాసిచ్చారు. తాతగారు పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్న యూదుడని ఆ పేజీలో ఉంటే, మనవడి బతుకు అక్కడితో తారుమారు. 1935 నూరెంబర్గ్ చట్టాల తర్వాత లెక్క తాతలు, అమ్మమ్మ, నానమ్మల్లో ఎందరు యూదులన్న దాని మీదే నడిచింది. ప్రభువు పేరుతో చేర్చుకున్నామని రాసుకున్న పుస్తకమే మనుషుల్ని ఏరి పక్కన పెట్టడానికి పనికొచ్చింది. ఆ నకళ్ల కోసం ఎవరూ పాస్టర్ల తలకి తుపాకీ పెట్టలేదు. అది వాళ్లకి మామూలు ఆఫీసు పని.

మిగతాది త్వరగానే చెప్పాను. 1933 జులై 20న వాటికన్ హిట్లర్ ప్రభుత్వంతో ఒప్పందం మీద సంతకం చేసింది. మూడు రోజులకే జరిగిన ప్రొటెస్టంట్ సంఘ ఎన్నికల్లో నాజీలకి జై కొట్టే 'జర్మన్ క్రైస్తవులు' గెలిచారు. సెప్టెంబరులో ప్రష్యా సంఘం యూదు మూలాలున్న పాస్టర్లని తొలగించే తీర్మానం చేసింది. 1939లో ఐసెనాఖ్‌లో ఒక సంస్థే పెట్టారు, క్రైస్తవం నుంచి యూదు ఆనవాళ్లు చెరిపేయడానికి. 1941లో వాళ్లు వేసిన పాటల పుస్తకంలో హల్లెలూయ, హోసన్న, సీయోను లాంటి మాటలు తీసేశారు. ఇది చెప్పగానే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొద్దున ఆరాధనలో ఆ మూడు మాటలూ పాడి వచ్చినవాళ్లే వాళ్లంతా.

ఎదురు నిలిచినవాళ్లు లేరా అంటే ఉన్నారు. 1934 మే చివర్లో బార్మెన్‌లో కొందరు సమావేశమై, చర్చికి యజమాని క్రీస్తే గానీ ఏ దేశ నాయకుడూ కాదని ఆరు అంశాల ప్రకటన చేశారు. దాన్ని రాసినవాళ్లలో ముఖ్యుడు కార్ల్ బార్త్. హిట్లర్‌ని ఎదిరించిన పాస్టరు బోన్‌హోఫర్‌ని 1945 ఏప్రిల్ 9న ఉరి తీశారు. మొదట్లో నాజీలకి ఓటేసిన పాస్టరు నీమొల్లర్ తర్వాత ఎదురుతిరిగి 1937 నుంచి 1945 దాకా నిర్బంధంలో గడిపాడు. అయితే బార్మెన్ ప్రకటనలో యూదుల గురించి ఒక్క మాట లేదు. తమ సంఘాన్ని కాపాడుకోవడమే వాళ్లకి అప్పుడు పెద్ద సమస్య. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

డిగ్రీ చదివే ఒక అమ్మాయి లేచి, "సార్, రేపు ఎవరైనా వచ్చి మన రిజిస్టరు అడిగితే అయ్యగారు ఇచ్చేస్తారా?" అంది. ఇక్కడ ఇది ఊహ కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సి కింద లెక్కేస్తారు. బాప్తిస్మం తీసుకుని, పుస్తకంలో మాత్రం పేరు రాయొద్దని బతిమాలేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఆ కుటుంబాల పిల్లలు కొందరు ఆ హాల్లోనే ఉన్నారు.

అయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. "ఇవ్వననే అనుకుంటున్నానమ్మా. కానీ ఆ జర్మనీ అయ్యగార్లు కూడా తాము మంచివాళ్లమనే అనుకుని ఉంటారు కదా," అన్నారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఆదివారం వేరే చర్చికి వెళ్లాం. ఏ చర్చో రాయను. ఆరాధన మధ్యలో ఒక రాజకీయ నాయకుడు వచ్చాడు. పాట ఆపారు, శాలువా కప్పారు, ప్రసంగ వేదిక ఎక్కించి మైకు ఇచ్చారు. ప్రహరీ గోడకి డబ్బిస్తానని ఆయన చెప్పగానే చప్పట్లు. తర్వాత పాస్టరు గారు రోమా పత్రిక 13వ అధ్యాయం తీసి, "పై అధికారులకు లోబడియుండవలెను" అని చదివారు. జర్మనీలోనూ, వర్ణవివక్ష కాలపు దక్షిణాఫ్రికాలోనూ పాలకుల పక్షాన పదేపదే చదివిన వాక్యం ఇది. "మనుష్యులకు కాదు దేవునికే" లోబడాలని అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో పేతురు చెప్పిన మాట ఎందుకు చదవరు? ప్రహరీ అవసరమే, కాదనను. ఆ గోడ కట్టించిన మనిషి రేపు ఎవర్నయినా వెళ్లగొట్టమంటే ఆ మైకులోంచి కాదనే గొంతు వస్తుందా అన్నదే నా దిగులు. 1975 ఎమర్జెన్సీలో ఇందిరా గాంధీకి ఉత్తరం రాసి దాన్ని ఎత్తేయమన్న బిషప్ ఒకరున్నారు, కేరళ మార్ తోమా సంఘాధిపతి యూహానోన్ మార్ తోమా. ఆయన పేరు మన చర్చిల్లో ఎందరికి తెలుసు?

సాయంత్రం కళింగపట్నం వెళ్లొచ్చాం. లైట్‌హౌస్, వంశధార సముద్రంలో కలిసే చోటు బాగున్నాయి. తిరుగు బస్సులు తక్కువ, చీకటి పడకముందే బయల్దేరండి.

సోమవారం పొద్దున అయ్యగారు బార్మెన్ ఆరు అంశాలూ తెలుగులో రాసిమ్మన్నారు. భోజనాల బల్ల మీద కూర్చుని రాశాను. పాస్టరమ్మ గారు చదివి, కాగితం తిప్పి, "ఇందులో వాళ్లు వదిలేసిన మాట ఉందన్నారు కదా, ఏడోదిగా దాన్ని మన పిల్లలు రాయాలి" అన్నారు. నేను సంచి సర్దుకుని వచ్చేసరికి రిజిస్టరు గురించి ప్రశ్న అడిగిన అమ్మాయి, ఇంకో నలుగురు దాని చుట్టూ కూర్చున్నారు. మా ఆటో వచ్చేటప్పటికి మొదటి వాక్యం మూడోసారి కొట్టేసి మళ్లీ రాస్తున్నారు.