హకూబా స్కీ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఈ చలికాలం జపాన్‌లో స్కీయింగ్‌కి వెళ్దామని అడ్వాన్స్ కట్టబోతున్నవాళ్లు, ముఖ్యంగా మెల్బోర్న్, సిడ్నీ, సింగపూర్ నుంచి పిల్లలతో బయల్దేరుతున్న మనవాళ్లు, దయచేసి ఇది చదవండి. మేము పోయిన జనవరిలో నగానో దగ్గరి హకూబా అనే స్కీ ప్రాంతానికి వెళ్లొచ్చాం. మంచుకి వంక పెట్టడానికేం లేదు. సైబీరియా చలిగాలి జపాన్ సముద్రం మీద తేమ తాగి, కొండలకి తగిలి కురిపించే మంచు అది. జల్లించిన పిండిలా ఉంటుంది. మా బాధంతా ప్యాకేజీ అమ్మినతనితోనే. అతని పేరు రాయను. ఇలా అమ్మేవాడు అతనొక్కడే అనుకోను, అందుకే పద్ధతి చెప్తున్నాను.

తెలిసినవాళ్ల ద్వారా నంబర్ దొరికింది. రూము, ఎయిర్‌పోర్ట్ వ్యాను, కొండపైకి తీసుకెళ్లే లిఫ్టులు ఎక్కడానికి పాసులు, పిల్లలకి స్కీయింగ్ నేర్పే మనిషి, అన్నీ తనే చూసుకుంటానన్నాడు. ఇద్దరు పిల్లలు, మా అత్తగారు కూడా వస్తున్నారు కదా, టెన్షన్ ఉండదని మొత్తం డబ్బు ముందే పంపేశాం. వాట్సాప్ మెసేజ్‌లు తప్ప మా దగ్గర కాగితం లేదు.

టోక్యోలోని హనేడా ఎయిర్‌పోర్ట్‌లో వ్యాను ఎక్కినప్పుడు దానికి తెల్ల నంబర్ ప్లేటు ఉంది. దాని అర్థం నాకప్పుడు తెలియదు. జపాన్‌లో కిరాయికి తిరిగే ట్యాక్సీలకి, బస్సులకి మామూలుగా ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అంకెలుంటాయి. తెల్ల ప్లేటు సొంత బండికి. అనుమతి లేకుండా అలాంటి బండిలో డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకోవడం అక్కడ నేరం. దాన్ని వాళ్లు షిరోతాకు అంటారు, షిరో అంటే తెలుపు. దారిలో యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వర్తించకపోవచ్చు. మంచు గడ్డకట్టిన ఘాట్ రోడ్డు మీద, పిల్లల్ని కూర్చోబెట్టుకుని, మేము వెళ్లింది అందులో.

నగానో దాటాక డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని చూస్తూ, "ఎవరైనా ఆపి అడిగితే మనం ఫ్రెండ్స్ అని చెప్పండి, డబ్బు సంగతి ఎత్తొద్దు" అన్నాడు. మా ఎనిమిదేళ్ల పాప నా చెవిలో, "అమ్మా, మరి ఈ అంకుల్ పేరేంటి?" అని అడిగింది. నాకూ తెలియదు. హకూబా చేరేదాకా దాని చెయ్యి వదల్లేదు నేను.

ఈ వ్యానుకి ప్యాకేజీ అమ్మినతను 90,000 యెన్లు తీసుకున్నాడు. అసలు వ్యాను లేకుండానే వెళ్లొచ్చు: టోక్యో నుంచి నగానోకి షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో సుమారు గంటన్నర, స్టేషన్ బయట నుంచి హకూబాకి బస్సులో ఇంకో గంట, గంటంపావు. పెద్ద సామాన్లు, స్కీలు తక్యూబిన్ అనే పార్సిల్ సర్వీసులో ఎయిర్‌పోర్ట్ నుంచే హోటల్‌కి పంపేయొచ్చు. చేతులూపుకుంటూ వెళ్లొచ్చని తిరిగొచ్చేటప్పుడు తెలిసింది.

ఇక పాసుల సంగతి. హకూబా అంటే ఒక కొండ కాదు, లోయ పొడవునా విడివిడిగా ఉన్న స్కీ రిసార్టులు. 1998 నగానో ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ స్కీ పందెం జరిగిన హప్పో ఓనె వాటిలో ఒకటి. రెండో రోజు అక్కడ గాలికి పైన లిఫ్టులు ఆపేశారు. ఇలాంటప్పుడు అందరూ షటిల్ బస్సెక్కి ఇంకో కొండకి పోతారు. మేమూ త్సుగైకె వెళ్లాం. గేటు దగ్గర కార్డు పెడితే ఎర్ర లైటు. మళ్లీ పెట్టినా అదే. అక్కడి అమ్మాయి నాలుగైదు సార్లు తల వంచి సారీ చెప్పి, ఫోన్‌లో అనువాదం చూపించింది: ఈ పాసు హప్పో ఓనెకి మాత్రమే. రూముకొచ్చి పాత మెసేజ్‌లు తిరగేశాను. ప్యాకేజీ అమ్మినతను రాసింది "హకూబా లిఫ్ట్ పాస్" అని. "హకూబా వ్యాలీ" అన్న మాట ఎక్కడా లేదు. అన్ని కొండలకీ కలిపి ఇచ్చే పాసు వేరే ఉంది, ధర కూడా వేరు. ఆ రోజుకి మళ్లీ టికెట్లు కొన్నాం.

నాకు ఇప్పటికీ కోపం తగ్గనిది మాత్రం పిల్లల లెసన్ల విషయంలో. రెండు రోజులకి 1,60,000 యెన్లు కట్టాం. వచ్చిన అబ్బాయికి స్కీ స్కూల్ జాకెట్ లేదు, బ్యాడ్జి లేదు. గంట కూడా కాలేదు, రిసార్ట్ సిబ్బంది వచ్చి ఏదో అడిగారు. అతను మా బాబు భుజం మీద చెయ్యేసి "ఫ్రెండ్" అన్నాడు. మళ్లీ అదే మాట! కాసేపటికి ఫోన్ వచ్చిందని పక్కకి వెళ్లినవాడు తిరిగి రాలేదు. పిల్లలిద్దరూ వాలు మధ్యలో, స్కీలు విప్పడం కూడా రాకుండా నిలబడిపోయారు. నేను కింద నుంచి ఎక్కి వెళ్లేసరికి చిన్నాడు ఏడుపు ఆపి వెక్కుతున్నాడు, కనురెప్పల మీద మంచు. రిసార్టులో అనుమతి లేకుండా పాఠాలు చెప్పడం కుదరదనీ, అతను ఏదైనా స్కీ స్కూలు మనిషేనా అని మేమే అడగాల్సిందనీ అప్పుడు తెలిసింది.

ప్యాకేజీ అమ్మినతన్ని డబ్బు అడిగితే, వాతావరణం నా చేతిలో లేదన్నాడు. లెసన్ల మాట ఎత్తగానే బ్లాక్ చేశాడు. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ కాబట్టి వెనక్కి రప్పించుకునే దారి కూడా దొరకలేదు. కార్డు మీద కట్టి ఉంటే బ్యాంకులో కంప్లయింట్ ఇచ్చే వీలైనా ఉండేది.

తర్వాత నొజావా ఓన్‌సెన్ అనే ఇంకో స్కీ ఊరికి మాత్రం మేమే బుక్ చేసుకుని వెళ్లాం, ఒక్క ఇబ్బంది లేదు. ఊళ్లో 13 వేడినీటి స్నానశాలలున్నాయి, ఊరివాళ్లే చూసుకుంటారు. మా అత్తగారు రోజూ సాయంత్రం అక్కడే. శాకాహారులు మాత్రం కూరగాయల సూపైనా, నూడుల్స్ అయినా దాషి వేశారా అని అడగండి. అది చాలావరకు చేపతో కాచిన నీళ్లే.

ఇప్పటికే అడ్వాన్స్ పంపినవాళ్లు ఈ రాత్రే మెసేజ్ పెట్టండి. పాసు పూర్తి పేరేంటి, అది ఏయే కొండలకి పనిచేస్తుంది, వ్యాను ప్లేటు రంగేంటి, నేర్పే మనిషి ఏ స్కూలు, లిఫ్టులు ఆగితే డబ్బు వెనక్కిస్తారా. జవాబు రాతలో రావాలి. స్కూలు పేరు చెప్తే, ఆ స్కూల్‌కే మెయిల్ పెట్టి మీ పిల్లల పేర్లు లిస్టులో ఉన్నాయో లేదో కనుక్కోండి.