బోటు ట్రైలర్‌కి టైర్ ప్రెషర్ సెన్సర్లు: కొన్ని సీజన్లు వాడాక నా అభిప్రాయం

కారు టైర్‌లో గాలి తగ్గితే స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంది. బండి నడకలోనే తేడా తెలిసిపోతుంది. వెనక లాక్కెళ్తున్న ట్రైలర్ టైర్‌లో గాలి తగ్గితే మాత్రం డ్రైవర్‌కి ఏమీ తెలియదు. అద్దంలో చూస్తే బోటే కనిపిస్తుంది తప్ప చక్రం కనపడదు. టైర్ చీలికలై మడ్‌గార్డ్‌ని కొట్టినప్పుడో, పక్కన వెళ్లే బైకువాళ్లు చెయ్యూపి అరిచినప్పుడో తెలుస్తుంది. అప్పటికి రిమ్ కూడా పాడైపోతుంది. నేను సెన్సర్లు కొన్నది ఈ ఒక్క కారణంతోనే. ఇన్నాళ్లు వాడాక కూడా తీసెయ్యకపోవడానికి కారణం అదే.

శ్రీకాకుళం జిల్లా భావనపాడు, కళింగపట్నం వైపు తీరం నుంచి ఫైబర్ బోట్లను రిపేరుకి తీసుకెళ్లి తిరిగి దించడం నా పని. ముందు పికప్, వెనక నాలుగు చక్రాల డబుల్ యాక్సిల్ ట్రైలర్. చిన్న ట్రక్కులకు వేసే ట్యూబ్‌లెస్ రేడియల్ టైర్లు వేయించాను. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం. బోట్ల మరమ్మతులు ఎక్కువగా ఆ 61 రోజుల్లోనే పెట్టుకుంటారు. అంటే నా ట్రైలర్ బాగా తిరిగేది సరిగ్గా మండుటెండల్లో, తారు కాలిపోతున్న హైవే మీద.

నా సెట్ వాల్వు మీద మూతలా బిగించే రకం. ఒక్కో మూతలో గాలిని, వేడిని కొలిచే చిన్న పరికరం, సీఆర్1632 బిళ్ల బ్యాటరీ ఉంటాయి. రీడింగ్ రేడియో సిగ్నల్‌గా డ్యాష్‌బోర్డు మీద పెట్టిన డిస్‌ప్లేకి వస్తుంది. డిస్‌ప్లే ఎండకే చార్జ్ అవుతుంది. టైరు ఊడదీయకుండా ఇంట్లోనే బిగించుకోవచ్చు.

దీని విలువ నాకు బాగా తెలిసింది పూసపాటిరేగ దాటాక ఒకరోజు. బోటుతో శ్రీకాకుళం వైపు వస్తున్నాను. కుడి వెనక చక్రం రీడింగ్ మిగతా మూడింటితో పాటు పెరగాల్సింది పోయి, మెల్లగా దిగుతోంది. అలారం మోగే సరికి 42 పీఎస్‌ఐకి (గాలి ఒత్తిడి కొలత) వచ్చింది, మామూలుగా నేను పెట్టేది 50. పైడిభీమవరం దగ్గర పక్కకి ఆపి చూస్తే టైర్ చూడ్డానికి మామూలుగానే ఉంది, కాలితో తన్నినా గట్టిగానే ఉంది. నీళ్లు పోసి చూస్తే ట్రెడ్‌లో దిగిన స్క్రూ పక్కన బుడగలు. ట్యూబ్‌లెస్ కాబట్టి అక్కడే ప్లగ్ వేయించుకుని బయల్దేరాను. సెన్సర్ లేకపోతే అదే టైర్‌తో ఇంకా చాలా దూరం లాగేసేవాడిని. డబుల్ యాక్సిల్ ట్రైలర్‌లో ఒక టైర్ మెత్తబడితే దాని బరువు అదే పక్కనున్న రెండో టైర్ మీద పడుతుంది. అదీ వేడెక్కుతుంది. ఒకటి పోయిన కాసేపటికే రెండోది పేలడానికి కారణం ఇదే. రెండూ పోతే ఒక్క స్టెప్నీతో హైవే పక్కన నిలబడాలి, ట్రైలర్ పైన ఉన్న బోటేమో ఒకరి బతుకుతెరువు. ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది.

కొన్నవాళ్లు మొదట చెయ్యాల్సిన పని అలారం సెట్టింగ్ మార్చడం. ఈ సెట్లు ఎక్కువగా కార్లని దృష్టిలో పెట్టుకుని వస్తాయి. నా దాంట్లో కంపెనీ పెట్టిన తక్కువ హద్దు 26. నా టైర్లకి చల్లగా ఉన్నప్పుడు 50 పెడతాను. అంటే గాలి సగం పోయేదాకా అది కూయదు. చల్లటి గాలి లెక్కకి 15 శాతం తక్కువలో, అంటే 42 దగ్గర కూసేలా పెట్టుకున్నాను. పై హద్దు 62. పొద్దున్న 50 ఉన్న టైర్ మధ్యాహ్నం టెక్కలి చేరేసరికి 56, 57 చూపిస్తుంది. లోపలి గాలి 30 డిగ్రీలు వేడెక్కితే అంత పెరగడం సహజమే. పెరిగింది కదా అని వేడి మీద గాలి తీసెయ్యకూడదు. రాత్రికి చల్లారాక టైర్ తక్కువ గాలితో మిగిలిపోతుంది.

సిగ్నల్ విషయంలో మొదట చాలా ఇబ్బంది పడ్డాను. పికప్ క్యాబిన్, వెనక బాడీ అంతా ఇనుమే. పొడుగు బోటు వేసినప్పుడు వెనక చక్రాల రీడింగ్ మధ్యలో ఆగిపోయేది. సిగ్నల్‌ని అందుకుని మళ్లీ ముందుకి పంపే రిపీటర్ అనే చిన్న పెట్టె విడిగా కొని ట్రైలర్ ముందు భాగంలో బిగించి, బండి బ్యాటరీ నుంచి వైరు ఇచ్చాను. ఆ తర్వాత సిగ్నల్ తెగలేదు. ట్రైలర్ కోసం కొనేవాళ్లు రిపీటర్‌తో కలిపి వచ్చే సెట్ చూసుకోవడం మంచిది.

ఇక ఉప్పు. అసలు పరీక్ష ఇదే. బోటు దించాలంటే చక్రాలు నీళ్లలోకి దిగాలి. డబ్బా మీద ఐపీ67 అని రాసి ఉంటుంది. అంటే మీటరు లోతు మంచినీటిలో అరగంట ఉంచినా లోపలికి నీరు చేరదని. సముద్రపు నీటికి ఆ హామీ వర్తించదు. నీళ్లు చేరి సెన్సర్ చెడిపోయే కంటే ముందు మరలు పట్టేస్తాయి. నా మొదటి సెట్‌లో ఒక మూత వాల్వుకే అతుక్కుపోయింది. వాల్వు అల్యూమినియం, మూత లోపలి మర ఇత్తడి. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే అల్యూమినియాన్ని తినేస్తుంది. వాల్వు కోసి తీయాల్సి వచ్చింది. ఇప్పుడు నాలుగింటికీ ఇత్తడి వాల్వులే. మరకి కొంచెం సిలికాన్ గ్రీజు రాసి బిగిస్తాను. బోటు దించి రోడ్డెక్కగానే మంచినీళ్లతో కడుగుతాను. రబ్బరు వాల్వులైతే అసలు వద్దు. మూత బరువుకి చక్రం తిరిగినంతసేపూ అవి ఊగుతాయి, మొదలు దగ్గర బీటలిస్తాయి.

ఉప్పు వల్లే ఇంకో లాభం కూడా తెలిసింది. రిమ్ అంచు తుప్పు పట్టినచోట టైర్ సరిగ్గా కూర్చోక గాలి సన్నగా పోతుంది. రాత్రి చూసిన అంకె పొద్దున్నకి మిగతా టైర్ల కంటే రెండు మూడు ఎక్కువ తగ్గితే మేకు ఎక్కడుందా అని వెతకను, ముందు రిమ్ గీకించి రంగు వేయిస్తాను. పంక్చర్ షాపులో గాలి కొట్టించాలంటే ప్రతిసారీ మూత విప్పాలి, దొంగతనం కాకుండా వేసిన లాక్ నట్ కూడా విప్పాలి. "ఇదేటి బాబూ, వాల్వుకి తాళమేశావు" అంటాడు మా షాపు పెద్దాయన. ఇది రోజూ ఉండే చికాకే. ఇప్పుడు చిన్న కంప్రెసర్ బండిలోనే పెట్టుకున్నాను.

ఈ సెన్సర్లు చూడలేనిది ఒకటుంది, బోటు ట్రైలర్‌కి అదే పెద్ద ప్రమాదం: బేరింగ్. దూరం నడిచాక, బేరింగ్ ఉండే చక్రం మధ్య భాగం, అంటే హబ్, వేడిగా ఉంటుంది. అలాగే నీళ్లలోకి దించితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని సీలు పక్కనుంచి ఉప్పునీటిని లోపలికి పీల్చుకుంటుంది. గ్రీజు పాడై బేరింగ్ తుప్పు పడుతుంది. డిస్‌ప్లేలో వేడి కనిపిస్తుంది కదా, బేరింగ్ సంగతీ అదే చెప్తుందని చాలామంది అనుకుంటారు. చెప్పదు. మూత ఉన్నది వాల్వు చివర, గాలి తగిలే చోట. ఒకసారి మడపాం టోల్ దాటాక ఆపి చూస్తే ఎడమ ముందు హబ్ చెయ్యి పెట్టలేనంత కాలుతోంది, గ్రీజు కాలిన వాసన వస్తోంది. డిస్‌ప్లేలో ఆ చక్రం వేడికీ మిగతావాటికీ పెద్ద తేడా లేదు. అందుకే ఆగిన ప్రతిచోటా హబ్‌ల దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను, చల్లారాకే నీళ్లలోకి దించుతాను, నిషేధం మొదలవగానే బేరింగులు విప్పి కొత్త గ్రీజు పట్టిస్తాను. సెన్సర్లు ఉన్నాయని ఈ పని మానేసేవాళ్లు అవి కొనకపోవడమే మేలు.

ట్యూబు టైర్లు ఉన్నవాళ్లకి దీని ఉపయోగం సగమే. ట్యూబు పంక్చరైతే గాలి చాలాసార్లు ఒక్కసారే పోతుంది, అలారం మోగి మీరు ఆపేలోపే టైర్ చదునైపోతుంది. ముందుగా హెచ్చరిక అందాలంటే ట్యూబ్‌లెస్ ఉండాలి. ఊళ్లో షెడ్డు నుంచి ఒడ్డుకి ట్రాక్టర్‌తో బోటు లాగేవాళ్లకి ఇది అక్కర్లేదు. ఇసుకలో దిగబడకుండా వాళ్లు కావాలనే గాలి తగ్గిస్తారు, అలారం ఊరికే మోగుతూనే ఉంటుంది. వాళ్లకి మంచి గేజ్ ఒకటి చాలు.

అమెరికాలో 2008 మోడల్ నుంచి కొత్త కార్లకి ఇవి తప్పనిసరి చేశారు గానీ ట్రైలర్లని అందులో చేర్చలేదు. యూరప్‌లో 2024 జులై నుంచి 3.5 టన్నులు దాటిన కొత్త ట్రైలర్లకి కూడా ఉండాల్సిందే. డ్రైవర్‌కి కనపడని చక్రానికే ఇది ఎక్కువ అవసరమని నా నమ్మకం. హైవే మీద బోటు లాగేవాళ్లు ట్యూబ్‌లెస్ టైర్లు, ఇత్తడి వాల్వులు వేయించుకుని తప్పకుండా కొనండి. నా సెట్‌కి రిపీటర్‌తో కలిపి నాలుగు వేలు దాటింది. ఒక్క టైర్ ఖరీదుతో పోల్చినా అది ఎక్కువ కాదు. ఈసారి ఐదు సెన్సర్లది తీసుకుంటున్నాను, ఐదోది స్టెప్నీకి. అన్నింటికంటే ఎక్కువకాలం ఎవరూ గాలి చూడని టైర్ అదే.