పూలను ఒత్తి ఆరబెట్టడమా, ఎండతో నీలి ముద్రలు వేయడమా?

వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ కలిసి ఆకులతో, పూలతో ఏదైనా చేయాలనుకున్నప్పుడు ఈ రెండింటిలో దేన్ని ఎంచుకోవాలన్న సందిగ్ధం తరచుగా ఎదురవుతుంది.

ఖర్చు: ఒత్తడానికి పాత వార్తాపత్రికలు, బరువైన పుస్తకాలు చాలు. ముద్రలకు మాత్రం సయనోటైప్ రసాయనం, అంటే ఎండ తగిలితే నీలి రంగు ఏర్పరిచే రసాయనం పూసిన కాగితం కొనాలి.

సమయం: పూలు పూర్తిగా ఆరడానికి 2 నుంచి 3 వారాలు పడుతుంది. చిన్నపిల్లలకు అది యుగంతో సమానం. ముద్ర మంచి ఎండలో కొన్ని నిమిషాల్లోనే సిద్ధమవుతుంది.

శ్రమ: ఒత్తే పూల కింది కాగితాన్ని మొదటి రోజుల్లో మార్చకపోతే తేమ నిలిచి బూజు పడుతుంది, మందపాటి రేకులున్న పూలకు ఈ బెడద ఎక్కువ. ముద్రల విషయంలో, ఆకును కాగితంపై పరచి, గాజు పలకతో అదిమి ఎండలో ఉంచి, తర్వాత నీటితో కడిగితే, వెలుతురు తగిలిన చోటంతా ముదురు నీలంగా మారి, ఆకు కప్పిన భాగం తెల్లగా మిగులుతుంది. 1842లో ఆంగ్లేయ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనుగొన్న ఈ పద్ధతితోనే వృక్షశాస్త్రవేత్త అన్నా అట్కిన్స్ సముద్రపు నాచు రూపాలను నమోదు చేశారు. పిల్లలకు ఈ కడిగే ఘట్టమే అసలు వినోదమని నా అభిప్రాయం.

మన్నిక: ఒత్తిన పూల రంగు వెలుతురుకు వెలిసిపోతే తిరిగి రాదు. వెలిసిన నీలి ముద్రను కొంతకాలం చీకటిలో ఉంచితే రంగు చాలావరకు తేరుకుంటుంది.

పూల సహజ రంగులతో శుభాకాంక్షల కార్డులు చేయాలనుకునే ఓపికమంతులకు ఒత్తడం అనువైనది. ఒక్క పూటలోనే ఫలితం చూడాలనుకునే కుటుంబానికి, ఎండ బాగా కాసే రోజున, ముద్రలే మేలు. మబ్బు పట్టిన రోజుల్లో వాటి జోలికి పోకపోవడం మంచిది.