‘మంచి బ్యాక్టీరియా’ బేబీ క్రీమ్: రాసుకోడానికి ఓకే, ఆ రేటుకి మాత్రం కాదు

మా బుడ్డోడికి మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా ‘మైక్రోబయోమ్’ (చర్మం మీద ఉండే బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవుల గుంపు) బేబీ క్రీములే కదా, వాటిలో ఒకటి తెప్పించాం. కంపెనీ పేరు రాయట్లేదు, ఇదే మాట చెప్పి అమ్మేవి బోలెడున్నాయి.

క్రీమ్‌గా చూస్తే వంక పెట్టడానికేం లేదు. వాసన లేదు, మంట లేదు, స్నానం కాగానే ఒంటి తడి పూర్తిగా ఆరకముందే రాస్తే సాయంత్రం దాకా చర్మం మెత్తగానే ఉంటోంది. పంపు సీసా కాబట్టి గోకిన వేళ్లు డబ్బాలో ముంచే బాధ కూడా తప్పింది.

గొడవంతా అట్ట మీద రాసినదాంతోనే. ముందు వైపు పెద్దక్షరాల్లో ‘ప్రొబయోటిక్’, అంటే బతికున్న మంచి బ్యాక్టీరియా అని. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ‘బైఫిడా ఫెర్మెంట్ లైసేట్’, అంటే చితగ్గొట్టిన బ్యాక్టీరియా ముక్కలు, ప్రాణం ఉండదు. రెండు లైన్ల కింద ఫినాక్సీఇథనాల్, అదేమో సీసాలో బ్యాక్టీరియా పెరక్కుండా వేసే ప్రిజర్వేటివ్! ఇందులో బతికున్నవి ఉన్నాయా అని కస్టమర్ కేర్‌ని అడిగితే ‘యెస్ మేడమ్, 100% నేచురల్’ అని జవాబు.

అలాగని వెనకున్న సైన్స్ ఉత్తుత్తిది కాదు. ఎగ్జిమా ఉన్న పిల్లల చర్మం మీద స్టాఫిలోకోకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా తిష్ట వేస్తుంది. 2012లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్లు పిల్లల చర్మం నుంచి శాంపిల్స్ తీసి చూస్తే, ఎగ్జిమా తిరగబెట్టినప్పుడు రకరకాల బ్యాక్టీరియా ఉండాల్సిన చోట ఇదే పెచ్చుపెరిగి కనిపించింది. అది వదిలే వి8 అనే ఎంజైమ్ నేరుగా నరాల్నే కెలికి దురద పుట్టిస్తుందని 2023లో హార్వర్డ్ వాళ్లు ఎలుకల్లో చూపించారు, పిల్లాడు నిద్రలో కూడా రక్తం వచ్చేలా గోక్కోవడం చూసినవాళ్లకి ఇది చదివితే ఒళ్లు మండుతుంది. ఈ ఆరియస్‌ని చంపే మంచి బ్యాక్టీరియా కూడా మన చర్మం మీదే ఉంటుంది. 2017లో అమెరికాలోని శాన్ డియాగోలో పరిశోధకులు రోగుల చర్మం నుంచే వాటిని తీసి, పెంచి, క్రీములో కలిపి వాళ్లకే రాస్తే ఆరియస్ తగ్గింది. అవి బతికున్నవి, ఎవరివి వాళ్లకే. బతికున్న రోజియోమోనాస్ బ్యాక్టీరియాతో చేసిన ఎఫ్‌బీ-401 అనే మందు అయితే 2021లో రెండో దశ ట్రయల్‌లోనే తుస్సుమంది. బతికున్నవాటి సంగతే ఇంకా తేలకపోతే ఈ చచ్చిన ముక్కలకి ఇంత రేటెందుకు?

మా డాక్టరమ్మకి సీసా చూపిస్తే, మాయిశ్చరైజర్‌గా వాడుకోమన్నారు, ఎర్రబడ్డప్పుడు రాసే స్టెరాయిడ్ క్రీమ్ మాత్రం దీన్ని నమ్ముకుని ఆపొద్దన్నారు, వాపు దిగితే ఆరియస్ కూడా దానంతటదే తగ్గుతుందట. రసి కారి పసుపు పక్కు కడితే మాత్రం ఇన్ఫెక్షన్ కావచ్చు, వెంటనే తీసుకురమ్మన్నారు. (మా అత్తయ్య ఓటు ఇప్పటికీ వేపాకు నీళ్లకే!)

5కి 2.5 ఇస్తా, అదీ పంపుకి, వాసన లేనందుకు. ఇది అయిపోగానే మళ్లీ మెడికల్ షాపులో దొరికే మామూలు పారాఫిన్ క్రీమే, అదైతే ఒళ్లంతా ధారాళంగా రాయొచ్చు.