సొసైటీ, ట్రస్టు, సెక్షన్ 8 కంపెనీ: గొడవ వచ్చిన రోజు ఏది మేలు?

పోయిన నెల బోరబండ నుంచి ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ప్రైవేటు స్కూల్లో టీచరు. ఇద్దరు స్నేహితులతో కలిసి నాలుగేళ్లుగా బస్తీ పిల్లలకి సాయంత్రం పూట చదువు చెబుతోంది. గది అద్దె, నోటు పుస్తకాలు, బిస్కెట్లు అన్నీ వాళ్ల జీతాల్లోంచే. ఈమధ్య హైటెక్ సిటీలో ఒక కంపెనీవాళ్లు సీఎస్ఆర్ (కంపెనీలు సేవా పనులకి ఖర్చుపెట్టే డబ్బు) కింద సాయం చేస్తామన్నారట, రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగారట.

"అక్కా, సీఏ గారు సెక్షన్ 8 కంపెనీ పెట్టమంటున్నారు. మా మామయ్య ట్రస్టు చేసుకో, ఒక్క రోజులో పనైపోతుంది అంటున్నాడు. సొసైటీ అయితే ఏడుగురు కావాలంట. ఏది మంచిది?" అని అడిగింది.

మూడూ లాభం కోసం కాక సేవ కోసం పెట్టే సంస్థలే; సెక్షన్ 8 అంటే కంపెనీల చట్టం కింద పెట్టే లాభాపేక్ష లేని కంపెనీ. ఆమెకి ముందు చెప్పింది ఇది. ఏది పెట్టినా ఆ కంపెనీ డబ్బు రేపే రాదు. సీఎస్ఆర్ నిబంధనల ప్రకారం బయటి సంస్థకి ఇలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. దానితోపాటు 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (ఇచ్చే దాతకి పన్ను మినహాయింపు), ఆ తర్వాత సీఎస్ఆర్-1, అంటే సీఎస్ఆర్ డబ్బు తీసుకునే సంస్థగా నమోదు. విదేశీ విరాళాలకి కూడా అంతే. మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో అసలు పని మీద కనీసం ₹15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. అంటే మొదటి మూడేళ్లు నడిపించేది తెలిసినవాళ్లు, చుట్టాలు, పాత క్లాస్‌మేట్లు ఇచ్చే ఐదు వందలు, వెయ్యి రూపాయలే. కాబట్టి పెద్ద డబ్బుని చూసుకుని రూపం ఎంచుకోవద్దన్నాను.

పన్ను విషయంలోనూ ఈ మూడింటికీ పెద్ద తేడా లేదు. మూడూ ముందు తాత్కాలిక నమోదు తెచ్చుకోవాలి, తర్వాత రెగ్యులర్ నమోదు. ఏటా వచ్చిన ఆదాయంలో 85 శాతం సేవకే ఖర్చుపెట్టాలి. చిన్న సంస్థలకి రెగ్యులర్ నమోదు ఐదేళ్లకి బదులు పదేళ్లు ఉండేలా 2025లో మార్చారు, అది నిజంగా పెద్ద ఊరట. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంతో సెక్షన్ల నంబర్లు మారాయి కానీ బషీర్‌బాగ్ ఆయకర్ భవన్ చుట్టూ తిరిగేవాళ్ల నోట్లో ఇంకా 12ఏ, 80జీ అనే మాటలే ఉన్నాయి. నాకు బాధ కలిగించే మార్పు మరొకటి ఉంది. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి 80జీ మినహాయింపు లేదు. రసీదు చూసి ఏటా మార్చిలో ఇచ్చే చిన్న దాతల్లో కొందరు ఆ కారణంగానే మాకు తగ్గిపోయారు.

అసలు తేడా తెలిసేది గొడవ వచ్చిన రోజు. ఇది నేను అనుభవించి చెబుతున్నాను.

ముషీరాబాద్ వైపు ఒక సొసైటీకి తొమ్మిదేళ్లు కార్యదర్శిగా ఉన్నాను. అధ్యక్షుడికీ కార్యవర్గంలో సగం మందికీ పడలేదు. ఒకే నెలలో రెండు వర్గాలూ వేర్వేరుగా జనరల్ బాడీ సమావేశాలు పెట్టాయి. రెండూ కొత్త కమిటీ జాబితాలు రిజిస్ట్రార్‌కి ఇచ్చాయి. ఏది అసలు కమిటీయో మేము తేల్చలేము, కోర్టుకి వెళ్లండి అన్నారు రిజిస్ట్రార్ ఆఫీసువాళ్లు. 2001 నాటి సొసైటీల చట్టం సెక్షన్ 23 చెప్పేదీ అదే: వివాదం వస్తే ఆర్బిట్రేషన్ లేదా జిల్లా కోర్టు. ఈలోగా రెండు ఉత్తరాలు అందుకున్న బ్యాంకు మా ఖాతా ఆపేసింది. నాలుగు నెలలు టీచర్లకి జీతాల్లేవు. ఒకామె పుస్తెలతాడు కుదువపెట్టింది. ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదలదు.

తప్పు సొసైటీ అనే రూపానిది కాదు. మా సభ్యత్వ రిజిస్టరు ఐదేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. ఓటు ఎవరికి ఉందో మాకే తెలియదు. మినిట్స్ పుస్తకంలో ప్రతిసారీ అవే మూడు సంతకాలు. చట్టం కావాలన్న ఏడుగురూ కాగితం మీద ఉన్నారు, గదిలో మాత్రం ముగ్గురే.

సొసైటీకి ఉన్న బలం మాత్రం ట్రస్టుకి లేదు. సభ్యుడు లేచి లెక్క అడగగలడు, నచ్చకపోతే కమిటీని ఓటుతో దించేయగలడు. ఈ ఊళ్లో అది కొత్త పద్ధతేమీ కాదు. 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అనే గ్రంథాలయం, స్థాపించినవాళ్లంతా పోయాక కూడా ఇన్ని దశాబ్దాలు బతికిందంటే, పదిమంది మాది అనుకున్నందుకే కదా.

మామయ్య చెప్పిన ట్రస్టు సంగతి త్వరగా తేలిపోతుంది. డీడ్ (ట్రస్టు పత్రం) రాయించుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తే చాలు, ఇద్దరున్నా నడుస్తుంది. అమ్మానాన్నల పేరు మీద ఇల్లు ఇచ్చి స్కాలర్‌షిప్పులు నడపాలనుకున్న కుటుంబానికి ఇంతకంటే సరిపోయేది లేదు. కానీ డీడ్‌లో రాసిందే శాసనం. ట్రస్టీలు జీవితాంతం అని రాసి, మార్చుకునే వీలు రాయకపోతే, తర్వాత ఉద్దేశాలు మార్చాలన్నా, ట్రస్టీని తీసేయాలన్నా కోర్టు మెట్లెక్కాలి. బయటివాళ్లు ప్రశ్నించాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 కింద ఇద్దరు కలిసి ముందు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. బస్తీలో ఉండే ఒక తల్లికి అది అయ్యే పనేనా? పైగా 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం గుళ్లకే అనుకుంటారు చాలామంది. ధర్మసంస్థలు కూడా దాని పరిధిలో ఉన్నాయి. డీడ్ రాయించే ముందు వకీలుని ఈ ఒక్క ముక్క తప్పక అడగాలి.

సెక్షన్ 8 కంపెనీ ఇప్పుడు సీఏలందరూ చెప్పే మాట. అందులో న్యాయం ఉంది. ఇద్దరు డైరెక్టర్లు చాలు, మూలధనం ఇంత ఉండాలని లేదు. డైరెక్టర్లు ఎవరో కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. మా దగ్గర జరిగినట్టు రెండు జాబితాల గొడవ ఇక్కడ అంత తేలిగ్గా రాదు. పెద్ద కంపెనీల సీఎస్ఆర్ వాళ్లకి కూడా ఈ కాగితాలు చదవడం అలవాటు.

కానీ దానికి ఏటా ఖర్చుంది. ఒక్క రూపాయి రాకపోయినా ఆడిట్ చేయించాల్సిందే. వార్షిక ఫారాలు రెండు, ఏఓసీ-4 (లెక్కలు), ఎంజీటీ-7 (వార్షిక రిటర్ను). ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి ₹100, దానికి పైపరిమితి లేదు. ఇద్దరు టీచర్లు పరీక్షల హడావిడిలో పడి ఒక ఏడాది మరచిపోయారనుకోండి, రెండు ఫారాలకీ కలిపి ₹73,000. బోరబండలో ఆ డబ్బుతో ఎన్ని నెలల గది అద్దె కట్టొచ్చో ఆ అమ్మాయే లెక్క వేసుకుంది. వరుసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే డైరెక్టర్లు ఐదేళ్లు అనర్హులవుతారు. కంపెనీల రిజిస్ట్రార్ ఉండే బండ్లగూడ కార్పొరేట్ భవన్‌కి మంచి మనసు చూపిస్తే లాభం లేదు, ఫారం చూపించాలి. నెల నెలా లెక్కలు చూసే మనిషి ఒకరు ఖాయంగా ఉంటేనే దీని జోలికి వెళ్లాలి.

విదేశీ విరాళాల విషయంలో మాత్రం మూడు రూపాలూ ఒకే పడవలో ఉన్నాయి. విదేశీ విరాళాల చట్టానికి 2020 సెప్టెంబరులో వచ్చిన సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ సంసద్ మార్గ్ ఎస్‌బీఐ శాఖలోకే రావాలి, పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, ఒక సంస్థ ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ఈ సవరణలని సమర్థించింది. డబ్బు ఎక్కడినుంచి వస్తోందో ప్రభుత్వం అడగడం తప్పని నేననను. కానీ ఆ మూడో నిబంధన చిన్నవాళ్లని కొట్టింది. ఊళ్లో పెద్ద సంస్థ తెచ్చిన డబ్బులో కొంత బస్తీలో పనిచేసే చిన్న సంస్థకి చేరే దారి దానితో మూసుకుపోయింది. సంఘం పెట్టేవాళ్లు ఆ దారిని లెక్కలోకి తీసుకోకుండానే బడ్జెట్ వేసుకోవాలి.

చివరికి ఆ అమ్మాయిని ఒకటే అడిగాను. "మీ ముగ్గురూ కాక, పిల్లల తల్లుల్లో సభ్యులుగా వచ్చి కూర్చుని లెక్క అడిగేవాళ్లు నలుగురు ఉన్నారా?" ఉంటే నా ఓటు సొసైటీకే. లేకపోతే, లెక్కల మనిషి దొరికితే సెక్షన్ 8. ట్రస్టు ఆమెకి వద్దన్నాను.

పోయిన ఆదివారం ఫోన్ చేసింది. ముగ్గురు తల్లులు ఒప్పుకున్నారట, నాలుగో ఆమె భర్తని అడిగి చెప్తానందట. బైలాస్ (సంఘం నియమావళి) ముసాయిదా తీసుకుని రమ్మన్నాను. అందులో మూడు సంగతులు ముందే రాయించాలి: సభ్యత్వ రిజిస్టరు ఏటా ఏ తారీకుకి సరిచూడాలి, అధ్యక్ష కార్యదర్శులు ఎన్నేళ్లకి దిగిపోవాలి, గొడవ వస్తే మొదట ఎవరి ముందు కూర్చోవాలి.